చక్రాల ఇంటికి ఏ తాళం మంచిది?

పోయిన వారం వచ్చిన ఉత్తరాల్లో గుంటూరు నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం నన్ను ఆలోచనలో పడేసింది. ఆవిడ కూతురూ అల్లుడూ అమెరికాలో, టెక్సాస్‌లో ఉంటారట. ఈమధ్యే సెకండ్ హ్యాండ్‌లో ఒక మోటార్ హోమ్ కొన్నారట. వేసవిలో అమ్మానాన్నల్ని అందులో ఎక్కించుకుని ఊళ్ళు తిప్పుతామంటున్నారట. "అల్లుడుగారు అలారమనీ, ట్రాకరనీ రోజుకొకటి చెబుతున్నారు. దేనికి డబ్బు పెట్టాలి? ఏది దండగ? అసలు బండిలో పడుకుంటే దొంగల భయం ఉండదా?" అని అడిగారు.

మనలో చాలామంది పిల్లలు అక్కడే ఉన్నారు. మనమూ ఏదో ఒక వేసవిలో ఆ బండి ఎక్కబోయేవాళ్ళమే. కాబట్టి ఈ వారం దాని గురించే మాట్లాడుకుందాం.

మోటార్ హోమ్ అంటే ఇల్లూ బండీ ఒకటే. ముందు డ్రైవరు సీటు, వెనక పొయ్యి, ఫ్రిజ్, మంచాలు, స్నానాలగది. అక్కడివాళ్ళు ఆర్.వి. అంటారు. మామూలు కారు పోతే కారొక్కటే పోతుంది. ఇది పోతే సంసారం మొత్తం పోయినట్టే. పైగా రాత్రిపూట లోపల మనుషులు పడుకుని ఉంటారు. అందుకే దీనికి తాళాలు కొనేటప్పుడు ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలి. తాళం దొంగను ఆపాలి గానీ మనల్ని ఆపకూడదు.

ముందు కింది అరల సంగతి

కొన్నేళ్ళ క్రితం మా చెల్లెలి కుటుంబంతో నేనూ ఇలాంటి బండిలో ఎల్లోస్టోన్ వెళ్ళాను. బండి కింది భాగంలో సామాన్ల అరలుంటాయి. కుక్కరూ బియ్యమూ అందులోనే పెట్టాం. తీరా వంటవేళకి మా చెల్లెలు ఆ అర తాళంచెవి ఎక్కడో పారేసుకుంది. పక్క బండి ఆవిడ నవ్వుతూ "నాది పెట్టి చూడండి" అంది. టక్కున తెరుచుకుంది! ఆ పూట అన్నం తిన్నామన్న మాటే గానీ, రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత తెలిసింది, అందులో వింతేమీ లేదని. అమెరికాలో ఎన్నో కంపెనీల మోటార్ హోమ్‌లకు ఈ అరల తాళాలన్నీ ఒకే నంబరువి. తాళంచెవి మీద సీహెచ్ 751 అని ఉంటుంది. అలాంటి చెవి ఎవరైనా దుకాణంలో కొనుక్కోవచ్చు. మీ పిల్లల బండి తాళంచెవి మీద కూడా ఆ నంబరే ఉంటే, అలారం కంటే ముందు మార్పించవలసింది ఆ తాళాలే. బీరువా సొరుగులకు ఉండే చిన్న గుండ్రటి తాళాల లాంటివే అవి. పాతదాన్ని ఊడదీసి, దాని పొడవు కొలిచి, అదే కొలతలో వేరే నంబరువి కొంటే స్క్రూడ్రైవరుతో ఇంట్లోనే బిగించుకోవచ్చు. పెద్ద ఖర్చూ కాదు.

తలుపు తాళం

సెకండ్ హ్యాండ్ బండి కదా, పాత యజమాని దగ్గర ఇంకో తాళంచెవి ఉండిపోయిందేమో ఎవరికి తెలుసు? అందుకని మనుషులు ఎక్కే తలుపు తాళం కూడా మార్పించాలి. నంబర్లు నొక్కితే తెరుచుకునే తాళాలూ దొరుకుతాయి. కానీ ఏది కొన్నా ఒక పరీక్ష పెట్టండి. లోపల నిలబడి, దీపాలు ఆర్పేసి, తాళంచెవి లేకుండా ఒక్క చేత్తో తలుపు తీయగలరా? తీయలేకపోతే అది ఎంత గట్టి తాళమైనా వద్దనే చెప్పండి.

ఎందుకంటే ఆ బండిలో గ్యాసు ఉంటుంది, బ్యాటరీలుంటాయి, పెట్రోలో డీజిలో ఉంటుంది. నిప్పంటుకుంటే ఇంట్లో కంటే వేగంగా వ్యాపిస్తుంది. పడకల దగ్గర ఎర్రటి పిడి ఉన్న కిటికీ కనిపిస్తే, అది ప్రమాదంలో బయటపడే దారి. దొంగ భయంతో దానికి అడ్డంగా ఊచలు బిగించడం, దాని ముందు సామాన్లు పేర్చడం పొరపాటు. ప్రయాణం మొదలుపెట్టే ముందే ఒకసారి ఆ కిటికీ తెరిచి చూడండి.

స్టీరింగు తాళం, చక్రాల తాళం

దొంగ ముందుగా చూసేది పని సులువా కష్టమా అని. అద్దంలోంచి స్టీరింగుకు అడ్డంగా తాళంకర్ర కనబడితే, చాలావరకు పక్క బండి వైపు వెళ్ళిపోతాడు. అయితే పెద్ద మోటార్ హోమ్‌ల స్టీరింగు కారు స్టీరింగు కంటే పెద్దది. కొలత చూసుకోకుండా కార్లకు అమ్మేది తెస్తే అది పట్టదు.

నెలల తరబడి బండి నిలిపి ఉంచేటప్పుడు చక్రానికి బిగించే ఇనప క్లాంపు కూడా మంచిదే. అది తీయడం మరిచిపోయి బండి కదిలిస్తే మాత్రం చక్రం పాడవుతుంది. అందుకని క్లాంపు బిగించగానే స్టీరింగుకు ఒక ఎర్ర రిబ్బన్ కట్టేయండి, గుర్తుగా ఉంటుంది.

లోపల పడుకున్నప్పుడు మాత్రం ఈ రెండూ వద్దు. అర్ధరాత్రి ఎవరైనా తలుపు కదిలిస్తే తలుపు తీయక్కర్లేదు. డ్రైవరు సీట్లో కూర్చుని, హారన్ మోగిస్తూ, బండి స్టార్ట్ చేసి వెళ్ళిపోవచ్చు. అందుకు సీటు దాకా దారి ఖాళీగా ఉండాలి. బండి తాళంచెవి రోజూ ఒకేచోట ఉండాలి.

అలారం

కదలిక కనిపెట్టే అలారం మనం లోపల లేనప్పుడు బాగా పనిచేస్తుంది. మనం లోపల ఉంటే మంచినీళ్ళకి లేచినా మోగుతుంది! రెండు రాత్రులు అలా మోగితే మూడోరోజు ఎవరో ఒకరు దాన్ని ఆపేస్తారు. కాబట్టి తలుపులూ కిటికీలూ తెరిస్తేనే మోగేలా, రాత్రికి విడిగా మార్చుకునే వీలున్నది కొనమనండి.

ఇంకో సంగతి. అలారం బ్యాటరీని తాగుతుంది. బండిని షెడ్డులో వదిలి బ్యాటరీ స్విచ్ కట్టేస్తే, కొన్నిట్లో అలారం కూడా ఆగిపోతుంది. బిగించేవాణ్ణి ఈ ప్రశ్న అడిగి తీరాలి. దొంగల అలారం కంటే ముందు గ్యాసు అలారం, పొగ అలారం పనిచేస్తున్నాయో లేదో చూసుకోవాలి. వాటికీ ఆయుష్షు ఉంటుంది, వెనక తేదీ ఉంటుంది. వంటగ్యాసు గాలికంటే బరువు, నేలబారున చేరుతుంది. అందుకే గ్యాసు అలారం నేలకు దగ్గరగా పెడతారు. దానికి అడ్డంగా చెప్పులూ సంచులూ పెట్టకండి.

ట్రాకర్

ట్రాకర్ దొంగతనాన్ని ఆపదు. బండి పోయాక ఎక్కడుందో చెబుతుంది, అంతే. అందులో సిమ్ కార్డు ఉంటుంది, చాలావాటికి నెలనెలా రుసుము కట్టాలి. ఫోను సిగ్నల్ అందని అడవుల్లో కబురు పంపలేదు. ఇనప పెట్టెలో దాచినా అంతే. తాళంచెవుల గుత్తికి తగిలించే చిన్న బిళ్ళలు చవకే గానీ, తెలియని బిళ్ళ వెంట వస్తోందని అవి దొంగ ఫోనుకు కూడా కబురందించవచ్చు. వాటినే నమ్ముకోకూడదు. బండి ఎక్కడుందో తెలిసినా మనవాళ్ళు వెంటపడకూడదు సుమా! 911కి ఫోన్ చేసి పోలీసులకు చెప్పాలి.

మరి దేనికి ముందు డబ్బు పెట్టాలంటారా? అరల తాళాలు, తలుపు తాళం, స్టీరింగు తాళం, ఆ తర్వాత అలారం. డబ్బు మిగిలితే ట్రాకర్. బండికి ఉండే 17 అక్షరాల, అంకెల గుర్తింపు నంబరు ఒక కాగితం మీద రాసి ఇంట్లో ఉంచమనండి. బండి లోపలా బయటా ఫోటోలు తీసి పెట్టుకోమనండి. ఏ పరికరం పెడితే ఎంత తగ్గిస్తారో బీమా కంపెనీని ముందే అడగమనండి. బంగారం బండిలోకి వద్దు. పాస్‌పోర్టులు బండిలో వదలకుండా మీ చేతిసంచిలో పెట్టుకోండి.

గుంటూరు సోదరీ, ఇవన్నీ అల్లుడుగారికి చదివి వినిపించండి. భయపడకుండా వెళ్ళి, హాయిగా తిరిగి రండి. మీరు పట్టుకెళ్ళే ఆవకాయ సీసా ఏ అరలో పెడతారో, ఆ అరకి మాత్రం ముందే కొత్త తాళం వేయించండి!