బాబాయి హాలూ, బాకా స్పీకర్లూ

మా బాబాయి రిటైరయ్యాడు. ముప్పై ఏళ్ళు బ్యాంకు లెడ్జర్లు తిరగేసిన మనిషికి మిగిలిన కోరిక ఒక్కటే, పెద్ద హాల్లో కాళ్ళు చాపుకుని పాటలు వినడం. విజయవాడలో మేడ మీద హాలు కట్టించేశాడు కూడా. 30 అడుగుల పొడవు, 20 వెడల్పు, 10 ఎత్తు. కింద గ్రానైటు, పైన స్లాబు.

"ఒరే, నువ్వు ఇంజనీరువి కదా, క్లిప్షార్నా, మాగ్నెపానా చెప్పు" అని ఫోను. నేను రాసేది జావా. కానీ మన ఇళ్ళల్లో ఇంజనీరంటే ఫ్యూజు దగ్గర్నించీ అన్నీ తెలిసుండాలి. పోనీ తమాషాకి అడిగాడా అంటే కాదు, పీఎఫ్ డబ్బుల్లోంచి ఓ కారు ఖరీదు పెడతాడట. పిన్ని పది రోజులుగా ముభావంగా ఉంది.

క్లిప్షార్న్ 1946 నాటి డిజైను. గది మూలలోనే నిలబెట్టాలి, అక్కడి రెండు గోడలూ దాని బాకాకి కొనసాగింపన్నమాట. ఒక వాటుకి 105 డెసిబెళ్ళు అంటుంది కంపెనీ. మాగ్నెపాన్‌వి డబ్బా లేని పలకలు, తలుపు రెక్కల్లా ఉంటాయి. వెనక్కి కూడా మోగుతాయి కాబట్టి గోడకి దూరంగా జరపాలి. వాటి లెక్క 86 దగ్గర. 19 డెసిబెళ్ళ తేడా అంటే అదే మోతకి దాదాపు 80 రెట్లు పవరు! చిన్న గదిలో సర్దుకుపోవచ్చు, ఇరవై అడుగుల అవతల కూర్చునేవాడికి కష్టం. పైగా బాబాయి ఎక్కువగా వినేది నాదస్వరం, డోలు. గుడి ముందు ఆరుబయట వాయించేదాన్ని నీరసంగా వింటే ఏం బావుంటుంది? నా ఓటు బాకాకే.

అసలు గొడవ ఆ 30-20-10 తో. గోడల మధ్య మంద్రస్వరాలు కొన్ని చిక్కుకుని ఊగుతుంటాయి. లెక్కేస్తే పొడవుకి మూడో మోడు, వెడల్పుకి రెండోది, ఎత్తుకి మొదటిది, మూడూ 56 హెర్ట్జ్ దగ్గరే వచ్చి కూర్చున్నాయి. ఏ స్పీకరు తెచ్చినా ఒకచోట డోలు 'బుంం' అని ఉండిపోతుంది, నాలుగడుగులు జరిగితే మాయం. ఇక ఆ బోడి గోడల మధ్య శబ్దం రెండు సెకన్ల పైనే తిరుగుతుంది. 1890ల్లో హార్వర్డులో సాబిన్ అనే ఆయన, మాట అర్థం కాని ఒక లెక్చర్ హాల్లోకి దగ్గర్లోని థియేటర్ నుంచి సీట్ల మెత్తలు మోయించి, ఎన్ని మెత్తలకి ఎంత ప్రతిధ్వని తగ్గుతోందో కొలిచాడు. మనం ఇంకా స్పీకర్ల దగ్గరే ఆగిపోయాం.

"ముందు ఓ లక్ష గదికి పెట్టు బాబాయ్, స్పీకర్లు ఆర్నెల్ల తర్వాత కొనుక్కోవచ్చు" అన్నాను.

"గోడలకి లక్షేవిట్రా! షోరూములో ఎంత బాగా మోగాయో తెలుసా?"

మోగవా మరి, అక్కడ నేలంతా కార్పెట్టు, గోడలకి మందపాటి తెరలు! పాత బొంతలన్నీ ఇస్తానని పిన్ని వెనకనుంచి అరిచింది. ప్రతిధ్వనికి అవి పనికొస్తాయి గానీ 56 హెర్ట్జ్ ముందు బొంతలు ఆగవు. దానికి అడుగు మందాన రాక్‌వూల్ కావాలి, కుర్చీ కూడా అటూ ఇటూ జరిపి చూసుకోవాలి.

ఫోను పెట్టేసేముందు అనుమానమొచ్చి మూలలు ఖాళీయేనా అని అడిగాను. ఒక మూల మెట్ల తలుపు, సరిగ్గా ఐమూలగా అవతలి మూల బాల్కనీ తలుపు ఉన్నాయట. అంటే ఏ గోడ తీసుకున్నా ఒక మూల పోయినట్టే.

ఇప్పుడు బాబాయి తలుపు జరపడానికి మేస్త్రీ ఎంతడుగుతాడో కనుక్కుంటున్నాడు.