సొమ్మొకడిది, సోకొకడిది

పాప్ కళను తెలుగులో పరిచయం చేసేవారు తరచుగా ఒక మాట చెబుతుంటారు: ఉన్నత కళకూ బజారు కళకూ నడుమనున్న గోడను ఆ ఉద్యమం కూల్చివేసిందని. వినడానికి ఇంపుగానే ఉంటుంది కాని, నేను ఆ మాటను అంగీకరించలేను. నా దృష్టిలో గోడ కూలలేదు. బొమ్మలను లోపలికి రానిచ్చి, వాటిని గీసినవారిని బయటనే నిలబెట్టారు.

ముందుగా చరిత్ర క్లుప్తంగా. 1956లో లండన్‌లోని వైట్‌చాపెల్ గ్యాలరీలో జరిగిన ఒక ప్రదర్శన కోసం రిచర్డ్ హామిల్టన్ పత్రికల కత్తిరింపులతో ఒక కొలాజ్ కూర్చాడు. అందులో కండలవీరుడి చేతిలోని పెద్ద లాలీపాప్ మీద ‘పాప్’ అన్న అక్షరాలు కనిపిస్తాయి. అమెరికాలో నైరూప్య చిత్రకళ రాజ్యమేలుతున్న రోజుల్లో కొందరు యువకులు దానికి వెన్నుచూపి అంగడి వస్తువుల వైపు తిరిగారు. 1961లో క్లేస్ ఓల్డెన్‌బర్గ్ న్యూయార్కులో దుకాణమే తెరిచి, ప్లాస్టర్‌తో చేసిన తినుబండారాలను అమ్మాడు. హోర్డింగులు వేసి బతికిన జేమ్స్ రోజెన్‌క్విస్ట్ ఆ పనితనాన్నే తన కళగా మలచుకున్నాడు. 1962లో ఆండీ వార్హోల్ లాస్ ఏంజెలిస్‌లోని ఫెరస్ గ్యాలరీలో క్యాంప్‌బెల్ సూప్ డబ్బాల చిత్రాలు ముప్ఫైరెండు ప్రదర్శించాడు, ఒక్కో రకం సూప్‌కు ఒక్కొక్కటి చొప్పున. వీరి ప్రతిభను నేను శంకించడం లేదు. రోజూ చూస్తూ కూడా గమనించని వాటిని కళ్ళెదుట నిలిపి చూపించారు.

అయితే 1964 నాటి బ్రిల్లో పెట్టెల సంగతి చూడండి. గిన్నెలు తోముకునే సబ్బు పీచు పెట్టెలను వార్హోల్ ప్లైవుడ్‌తో తయారుచేయించి, వాటిపై అదే అక్షరాలు, అదే రంగులు అచ్చొత్తించి ప్రదర్శనకు పెట్టాడు. వాటిని చూసి ఆర్థర్ డాంటో అనే తత్త్వవేత్త కళ అంటే ఏమిటన్న ప్రశ్ననే కొత్తగా లేవనెత్తాడు. ఇంతకీ అసలు పెట్టె మీది ఆ రూపకల్పన ఎవరిది? జేమ్స్ హార్వీది. అతడు స్వయంగా నైరూప్య చిత్రకారుడు, పొట్టకూటి కోసం పెట్టెలకు డిజైన్లు చేసేవాడు. 1965లో మరణించాడు. కూలిపోయిందంటున్న ఆ గోడ ఈ ఒక్క మనిషినే రెండుగా చీల్చింది.

రాయ్ లిక్టెన్‌స్టైన్ విషయమూ ఇంతే. 1963 నాటి ‘వామ్!’ చిత్రానికి ప్రధాన మూలం అంతకు ముందు ఏడాది ఒక యుద్ధ కామిక్స్ పుస్తకంలో ఇర్వ్ నోవిక్ వేసిన బొమ్మ. ‘డ్రౌనింగ్ గర్ల్’కు మూలం టోనీ అబ్రూజో వేసిన ప్రేమకథల కామిక్స్ బొమ్మ. మొదటిది లండన్ టేట్‌లో, రెండవది న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ఉన్నాయి. లిక్టెన్‌స్టైన్ ఉన్నదున్నట్టు దించలేదు కదా, మార్పులు చేశాడు కదా అని వాదించేవారున్నారు. నిజమే. ‘డ్రౌనింగ్ గర్ల్’లో వెనకనున్న ప్రియుణ్ణి తొలగించి, అలలనూ అమ్మాయినీ మాత్రమే మిగిల్చాడు. ఆ ఎంపికలో కళ ఉంది. కాని 1969లో మోనే చిత్రాలను ఆధారం చేసుకున్నప్పుడు ‘రువాన్ కథీడ్రల్’ అన్న పేరునే ఉంచాడు. చూసేవారికి మోనే వెంటనే గుర్తుకొస్తాడు. మోనే బొమ్మకు మూలకర్త ఉన్నాడు. నోవిక్ బొమ్మ మాత్రం దారిన దొరికిన ముడిసరుకు! గోడ కూలిన చోట ఈ తేడా ఎందుకుండాలి?

2022లో వార్హోల్ గీసిన ఒక మార్లిన్ మన్రో చిత్రం 19.5 కోట్ల డాలర్లకు అమ్ముడయింది. దానికి ఆధారం 1953 నాటి ‘నయాగరా’ సినిమా ప్రచారం కోసం తీసిన ఫొటో. ఆ ఫొటో తీసినవారి పేరు మనలో ఎందరం అడిగాం?

అడిగినవారు లేకపోలేదు. ప్రిన్స్ అనే గాయకుణ్ణి 1981లో లిన్ గోల్డ్‌స్మిత్ ఫొటో తీసింది. దాని ఆధారంగా వార్హోల్ చేసిన చిత్రాల్లో ఒకదాన్ని 2016లో వార్హోల్ ఫౌండేషన్ పదివేల డాలర్లకు పత్రికలో వాడుకోనిచ్చింది. ఆమెకు పైకమూ లేదు, పేరూ లేదు. 2023లో అమెరికా సుప్రీం కోర్టు ఆ వాడుక విషయంలో ఏడుగురు న్యాయమూర్తుల మెజారిటీతో ఆమె పక్షానే తీర్పు చెప్పింది. ఇద్దరు విభేదించారు. ఇటువంటి తీర్పులు కళాకారుల చేతులు కట్టేస్తాయని భయపడేవారితో నాకు కొంత సానుభూతి ఉంది. కాని పేరు చెప్పినంత మాత్రాన ఏ కుంచె ఆగిపోతుంది?

పాప్ కళను ద్వేషించమని నేననడం లేదు. ఆస్వాదించండి, పరిచయం చేయండి. అయితే బ్రిల్లో పెట్టె గురించి రాసేటప్పుడు వార్హోల్ పక్కనే హార్వీ పేరూ రాయండి. ‘వామ్!’ గురించి రాసేటప్పుడు నోవిక్ పేరూ రాయండి. ఆ పాటి కూడా చేయలేనప్పుడు, గోడ కూలిందన్న మాట దయచేసి మానుకోండి.