మెచ్చుకోలు అమ్మబడును
రాయ్‌పూర్‌లోని ఎన్‌ఐటీలోనో, 2015లో నయా రాయ్‌పూర్‌లో మొదలైన ట్రిపుల్ ఐటీలోనో చదువుకున్న కుర్రాడొకడు హైదరాబాద్‌కో బెంగళూరుకో రైలెక్కకుండా, ఇంట్లోనే కూర్చుని ఛత్తీస్‌గఢీ సామెతల యాప్ తయారు చేశాడనుకోండి. గూగుల్ ప్లేలో ఖాతా తెరవడానికి ఒక్కసారి 25 డాలర్లు కడితే చాలు. యాప్ విడుదలయ్యాక మాత్రం మొదటి ఉత్తరం దాన్ని వాడినవారి నుంచి రాదు. మీ యాప్ బ్రహ్మాండంగా ఉందనీ, డౌన్‌లోడ్‌లే చాలడం లేదనీ, సొమ్ము ముందే పంపితే ఫైవ్ స్టార్ రివ్యూలు కుప్పలుగా వేయిస్తామనీ దాని సారాంశం. పంపినవాడు యాప్ తెరిచి కూడా చూసి ఉండడు.

అడ్రసు దొరకబట్టడానికి పెద్ద తెలివేమీ అక్కర్లేదు. యాప్ పేజీలో తయారీదారు ఈమెయిల్ కనిపించి తీరాలన్నది గూగుల్ నిబంధన. వినియోగదారుడికి జవాబుదారీగా ఉండాలన్నది దాని ఉద్దేశం. కానీ ఆ అడ్రసులను గంపగుత్తగా ఏరుకునే సాఫ్ట్‌వేర్లకు అదే పంట.

అనవసరపు ఈమెయిల్ కొత్తదేమీ కాదు. 1978 మే 3న అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఉద్యోగి ఒకరు ఆర్పానెట్‌లోని దాదాపు 400 మందికి కంప్యూటర్ల ప్రకటన పంపడంతోనే ఈ జాడ్యం మొదలైంది. ఆ ఉత్తరం చిరాకు మాత్రమే తెప్పించింది. ఇప్పటిది బతుకుదెరువునే దెబ్బతీయగలదు. డబ్బిచ్చి రివ్యూలు, డౌన్‌లోడ్‌లు కొనడాన్ని గూగుల్, ఆపిల్ రెండూ నిషేధించాయి. దొరికితే యాప్ పోతుంది, ఖాతా మూతపడవచ్చు. ఆ తర్వాత మరో ఖాతా తెరవడానికీ వీలుండదు. రకరకాల ఉల్లంఘనలకు గాను గూగుల్ 2024లో 1.58 లక్షలకు పైగా తయారీదారుల ఖాతాలను నిషేధించింది. రివ్యూలు అమ్మినవాడు మాత్రం పేరు మార్చుకుని ఇంకో ఉత్తరం రాసుకుంటాడు.

ఈ బేరగాళ్లకు స్టోర్ నిబంధనలే గిరాకీ తెచ్చిపెడుతున్నాయి. 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలవారు యాప్ విడుదలకు ముందు 20 మంది చేత వరుసగా 14 రోజులు పరీక్షింపజేయాలని గూగుల్ షరతు పెట్టింది. 2024 డిసెంబర్‌లో ఆ సంఖ్యను 12కు తగ్గించింది. పెద్ద కంపెనీలో అయితే ఆ పన్నెండు మందీ పక్క కుర్చీల్లోనే దొరుకుతారు. రాయ్‌పూర్‌లో ఒంటరిగా పనిచేసేవాడు చుట్టాలనూ స్నేహితులనూ రెండు వారాలపాటు బతిమాలుకోవాలి. అందుకే టెస్టర్లను అద్దెకిచ్చే వ్యాపారం పుట్టుకొచ్చింది.

చట్టం ఆదుకుంటుందా అంటే అదీ అంతంతమాత్రమే. ట్రాయ్ 2018 నిబంధనలు ప్రచార ఫోన్‌కాల్స్‌కు, ఎస్సెమ్మెస్‌లకే పరిమితం. చిరాకు పెట్టే ఈమెయిళ్లను నేరంగా చూసిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్ భావప్రకటనా స్వేచ్ఛకు విరుద్ధమంటూ సుప్రీంకోర్టు 2015 మార్చిలో కొట్టేసింది. ఆ సెక్షన్ పోవడం మంచిదే, కానీ దాని స్థానంలో స్పామ్‌కు ప్రత్యేక చట్టం రాలేదు. ఎవరైనా తమంతట తాము బహిరంగపరచిన వివరాలకు 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వర్తించదు.

మందు లేకపోలేదు. అసలు అడ్రసును దాచి, ఉత్తరాలను మాత్రం చేరవేసే ఏర్పాటు స్టోర్లకు కష్టమేమీ కాదు. అమ్మకాల్లో వాటా తీసుకునే సంస్థలకు ఆ ఖర్చు లెక్కలోది కాదు. చిరునామా వీధిలో పెట్టమన్నవారే దానికి కాపలా కూడా కాయాలి. అంతవరకు యాప్‌కు విడిగా ఒక ఈమెయిల్ పెట్టుకోవడం, డబ్బడిగే మెచ్చుకోలును చదవకుండా చెత్తబుట్టలో వేయడం తయారీదారు చేతిలో ఉన్న పనులు.