ఎండ కాస్తోంది కదా అని...

మా ఇంట్లో కార్లు రెండు. ఒకటి నాది, ఏడుగురు కూర్చునే వ్యాన్. సీట్ల సందుల్లో చెయ్యి పెడితే జంతికల ముక్కలు, క్రేయాన్లు, ఎప్పుడో గుళ్ళో ఇచ్చిన అక్షింతలు దొరుకుతాయి. రెండోది మా వారిది. ఎర్రగా, నేలకి ఆనుకున్నట్టు ఉంటుంది. తలుపులు రెండే. వెనక సీటు పేరుకి మాత్రమే. నలభై నిండాయని పోయిన జూన్‌లో సెకండ్‌హ్యాండ్‌లో కొనుక్కున్నారు. ఇంజినీరింగ్ చదివేటప్పుడు హాస్టల్ గోడకి అంటించుకున్న బొమ్మలో కారట అది. వద్దనడానికి నాకు మనసొప్పలేదు. పెళ్ళయినప్పటి నుంచీ ఆయన తన కోసం ముచ్చటపడి కొనుక్కున్నది ఇంకేమైనా ఉందా అని ఆలోచిస్తే, గడ్డం గీసుకునే మిషన్ ఒక్కటే గుర్తొచ్చింది.

మేముండేది మిషిగన్‌లో, డెట్రాయిట్ పక్కన. ఇక్కడికొచ్చి పదేళ్ళయింది. మంచులో కారు నడపడం నాకేం కొత్త కాదు. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానో మీకే తెలుస్తుంది.

నవంబర్ చివరి వారం. నా వ్యాన్ రిపేరుకి వెళ్ళింది. ఆ రోజు మా వారికి ఇంటి నుంచే పని, పొద్దున్నే మీటింగు. మా అమ్మాయికి స్కూల్ బస్సు తప్పిపోయింది. ఎర్ర కారు తాళాలు తీసుకున్నాను. గరాజ్‌లో చోటు లేక అది రాత్రంతా బయటే ఉంది. ఫోన్‌లో చూస్తే 22 డిగ్రీలు, అంటే మన సెల్సియస్ లెక్కలో సున్నాకి ఐదారు డిగ్రీల కింద. ఆకాశం నీలంగా, ఎండ ఫెళ్ళున కాస్తోంది. రోడ్డు మీద చుక్క మంచు కనిపించలేదు. డ్యాష్‌బోర్డ్ మీద ఏదో పసుపు దీపం వెలిగింది కానీ, స్కూలుకి టైమైపోతుంటే దీపాలెవరు చూస్తారు?

మా కాలనీ దాటాక మొదటి సిగ్నల్ దగ్గర ఎడమ వైపు తిరగాలి. పచ్చ బాణం పడింది. వ్యాన్‌లో ఎంత నొక్కుతానో యాక్సిలరేటర్ అంతే నొక్కాను. కారు ముందుకి పోలేదు. వెనక భాగం ఎవరో తోకపట్టి లాగినట్టు పక్కకి జారింది. స్టీరింగ్ నా చేతుల్లోనే ఉంది గానీ దానికీ చక్రాలకీ సంబంధం తెగిపోయినట్టుంది. చెయ్యకూడని పని చేశాను, బ్రేకు గట్టిగా తొక్కాను. కారు బొంగరంలా తిరిగి, మేము వచ్చిన దారికే ముఖం పెట్టి ఆగింది. ఎదురుగా సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న ట్రక్కు డ్రైవరు రెండు చేతులూ పైకెత్తి నన్నే చూస్తున్నాడు. అతనికి ఎర్ర దీపం లేకపోయి ఉంటే ఈ నెల ఈ కాలమ్ ఉండేది కాదు.

వెనక నుంచి మా అమ్మాయి, "అమ్మా, మళ్ళీ తిప్పు" అంది.

ఎనిమిదేళ్ళ పిల్ల. దానికది రంగులరాట్నం. నా మోకాళ్ళు మాత్రం సాయంత్రం దాకా నా మాట వినలేదు.

ఇంట్లో చెప్పకూడదనుకున్నాను. కానీ రాత్రి అన్నం తింటుండగా అదే చెప్పేసింది. మా వారు నా వైపు చూసి, "అది నీ వ్యాన్ కాదు కదా, నెమ్మదిగా నడపాలి" అన్నారు. అరవలేదు, మెల్లగానే అన్నారు. అయినా ఆ మాట గుచ్చుకుంది. నాకు నడపడం రాదు, అంతేగా? పదేళ్ళ చలికాలాలు ఒక్క మాటతో కొట్టుకుపోయాయి.

అందరూ పడుకున్నాక ఆ కారులోంచి మాన్యువల్ తెచ్చుకుని చదివాను. దాన్ని ఎవరూ తెరిచినట్టు లేదు, పేజీలు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. టైర్ల దగ్గర స్పష్టంగా రాసుంది. ఈ కారుకి వచ్చేవి వేసవి టైర్లు. 45 డిగ్రీల ఫారెన్‌హీట్ కన్నా, అంటే 7 సెల్సియస్ కన్నా చలిగా ఉంటే వీటికి పట్టు తగ్గిపోతుంది. చలి ఇంకా బాగా ముదిరితే రబ్బరు పగుళ్ళివ్వొచ్చు కూడా. గమనించండి, మంచు పడితే అని లేదు. చలిగా ఉంటే అని ఉంది. ఎండ, పొడి రోడ్డు చూసి నేను మోసపోయింది అక్కడే. కొనేటప్పుడు అమ్మినవాళ్ళు ఈ ముక్క చెప్పలేదు, మేమూ అడగలేదు.

నేను బీఎస్సీ కెమిస్ట్రీ. పట్టా బీరువాలో పట్టుచీరల కింద ఉంది. ఆ రాత్రి చాలాకాలానికి దానితో పని పడింది. రబ్బరంటే పొడవాటి అణువుల గొలుసులు. వెచ్చగా ఉన్నంతసేపూ ఆ గొలుసులు కదులుతూ ఉంటాయి, అందుకే టైరు రోడ్డు మీది సన్నసన్న గరుకుల్లోకి ఒదిగి పట్టుకుంటుంది. చల్లబడేకొద్దీ కదలిక మందగించి బిగుసుకుంటుంది. ఇది కొబ్బరినూనె పేరుకోవడం లాంటిది కాదు. వేరుశెనగ చిక్కీ చేసేటప్పుడు చూడండి. పాకం వేడిగా ఉంటే ఎలా కావాలంటే అలా సాగుతుంది. ఆరాక అదే పాకం గాజులా టప్పున విరుగుతుంది. మాకు క్లాసులో దీన్ని గాజు స్థితికి మారడం అని చెప్పారు. టైరు పూర్తిగా గాజయ్యే చలి ఇంకా చాలా కింద ఉంటుంది, కానీ బిగుసుకోవడం ఎంతో ముందే మొదలవుతుంది. వేసవి టైరుని ఎండలో, వేగంలో మెత్తబడకూడదని తయారు చేస్తారు. వేసవిలో దానికున్న గుణమే చలికాలంలో దోషమవుతుంది.

1986 జనవరి 28న ఛాలెంజర్ వ్యోమనౌక కూలి ఏడుగురు పోయింది కూడా చలికి బిగుసుకున్న రబ్బరు వల్లే. రాకెట్ అతుకుల్లో వేసిన రబ్బరు రింగులు ఆ ఉదయపు చలికి సాగే గుణం కోల్పోయాయి. విచారణలో రిచర్డ్ ఫైన్‌మన్ అదే రబ్బరు ముక్కని బిగించి, ఐసు నీళ్ళ గ్లాసులో ముంచి అందరి ముందూ చూపించారు. చదువుకునే రోజుల్లో మా మేడమ్ ఈ కథ చెబితే నోరు తెరుచుకుని విన్నాను. మా ఇంటి ముందున్న కారుకి అది వర్తిస్తుందని మాత్రం తట్టలేదు.

ఆ పసుపు దీపం సంగతి కూడా అప్పుడే తెలిసింది. ఉష్ణోగ్రత 10 డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గితే టైర్లో గాలి సుమారు 1 పీఎస్ఐ తగ్గుతుంది. ఎండ రోజుల్లో గాలి కొట్టించి మళ్ళీ చూడని టైర్లు మావి. దానికి తోడు వెనక చక్రాలు లాగే కారు, బరువైన ఇంజిన్ ముందు, తేలికైన తోక వెనక. ట్రాక్షన్ కంట్రోల్ ఉంది కదా అంటారేమో. అది చక్రం తిరుగుడుని తగ్గించగలదు గానీ లేని పట్టుని పుట్టించలేదు. ఆల్ వీల్ డ్రైవ్ అయినా ముందుకి కదలడానికే సాయం, ఆగడానికి కాదు.

తెల్లారి కాఫీ ఇస్తూ మాన్యువల్ ఆ పేజీ తెరిచి ఆయన ముందు పెట్టాను. సాధింపే, ఒప్పుకుంటాను. ఆయన రెండుసార్లు చదివారు. కప్పు కింద పెట్టి, "పోయిన వారం ఫ్రీవే దిగుతుంటే నాకూ జారింది" అన్నారు. ర్యాంపు పక్క గడ్డిలోకి దిగి ఆగిందట. ఎవరికీ దెబ్బ తగల్లేదు. నాకెందుకు చెప్పలేదండీ అంటే, నలభయ్యేళ్ళు వచ్చి ఇష్టపడి కొనుక్కున్న కారు నడపడం చేతకావడం లేదని చెప్పుకోలేకపోయానన్నారు. ఆయన ఆ రోజే చెప్పి ఉంటే పిల్లని నేను ఆ కారు ఎక్కించేదాన్నా? ఆ మాట నోటిదాకా వచ్చింది. నేనూ దాచాలనుకున్నదాన్నే కదా, మింగేశాను.

మీ ఇంట్లోనూ ఇలాంటి కారుంటే, ముఖ్యంగా టెక్సాస్ నుంచో కాలిఫోర్నియా నుంచో ఇటు మారుతుంటే, ఈరోజే టైరు పక్క గోడ మీద ఏం రాసుందో చూడండి. ఎం, ఎస్ అనే అక్షరాలు లేకపోతే అవి చాలావరకు వేసవి టైర్లే. మూడు శిఖరాల కొండ, దాని మధ్య మంచు రేకు బొమ్మ ఉంటే గట్టి చలికి పనికొచ్చేవి. కెనడాలో క్యుబెక్‌లో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 వరకు వింటర్ టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. మా మిషిగన్‌లో అలాంటి నియమం లేదు, ఎవరి జాగ్రత్త వాళ్ళదే. రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, డెట్రాయిట్ కింద ఏకంగా ఉప్పు గనే ఉంది. కానీ చలి మరీ ముదిరితే ఉప్పూ సరిగ్గా పనిచెయ్యదు. పైగా కారు అడుగుభాగాన్ని తినేస్తుంది.

కారు అమ్మేద్దామా అని ఆయనే అడిగారు. వద్దన్నాను. కొంచెం సన్నటి వింటర్ టైర్లు నాలుగు ఆర్డరిచ్చాం. అవి వేయించేదాకా కారు కదలదు. వేయించాక కూడా మంచు కురిసే రోజుల్లో తియ్యకూడదని ఒప్పందం. అది నేలకి మరీ దగ్గర, మంచు పోగుపడితే ముందు బంపరే పార అవుతుంది. ఇప్పుడు మా గొడవంతా తీసేసిన నాలుగు వేసవి టైర్లు ఎక్కడ పెట్టాలన్నదే. గరాజ్‌లో బియ్యం బస్తాలు జరపమంటారాయన. బొమ్మల కొలువు పెట్టెలు అటకెక్కించండి, మీ టైర్లకి చోటదే దొరుకుతుంది అంటాను నేను.