ఇంటి ముచ్చట: దొంగ దొరికిన చోటు

ఈ నెల లోకవ్యవహారాలు వదిలి మా ఇంటి సంగతే వ్రాస్తున్నాము. చదువరులు మన్నించాలి. ఇది మా ఒక్క ఇంటితో పోయే సంగతి కాదని తోచి, కొంత సిగ్గు విడిచి వ్రాయవలసి వచ్చింది.

మా చిన్నమ్మాయికి ఇప్పుడు ఎనిమిదో ఏడు. మూడో ఏడు వచ్చిన దగ్గరనుంచి దానికి కడుపు కుదురు లేదు. రోజుకు నాలుగైదు విరేచనాలు, ఉబ్బిన పొట్ట, పుల్లల్లాంటి కాళ్లు, పాలిపోయిన ముఖం. తోటిపిల్లలు జానెడు పెరిగితే ఇది బెత్తెడైనా పెరగలేదు. చేయించని వైద్యం లేదు. దిష్టి తీశాము, తాయెత్తు కట్టించాము. నులిపురుగులకు మందు పోశాము. అమీబా అన్నారు, దానికీ బిళ్లలు మింగించాము. పాలు పడటం లేదేమోనని పాలు మాన్పించాము. తరువాత పప్పు, పల్లీల చట్నీ, నూనె, కారం, ఒక్కొక్కటే కంచంలోనుంచి తప్పుకున్నాయి.

చివరికి మిగిలిందేమిటి? తేలికగా అరుగుతాయని అందరూ చెప్పిన బ్రెడ్డు, చాయలో ముంచిన బిస్కట్టు, గోధుమరవ్వ జావ. పథ్యం గట్టిపడిన కొద్దీ పిల్ల నీరసపడింది. నీరసపడిన కొద్దీ మేము మరింత జావ కాచి పోశాము.

ఈ స్థితిలో ఒక పిల్లల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాము. మేము మాన్పించిన పదార్థాల జాబితా ఆఫీసు కాగితం మాదిరిగా వరుస నంబర్లు వేసి చూపించాము. ఆమె చదివి, "మాన్పించినవి సరే. ఇంకా పెడుతున్నవేమిటో చెప్పండి" అన్నారు. మూడేళ్లలో ఆ ప్రశ్న మమ్మల్ని ఎవరూ అడగలేదు, మాకూ తోచలేదు. ఆమె టీటీజీ అనే రక్తపరీక్ష చేయించారు. తరువాత గొట్టంవేసి చిన్నపేగు నుంచి పిసరంత ముక్క తీసి పరీక్షకు పంపారు. వ్యాధి పేరు సీలియాక్. గోధుమలోను, బార్లీలోను, రై అనే మరో ధాన్యంలోను ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు వీరికి పడదు. అది పేగులోకి వస్తే శరీరం శత్రువు వచ్చినట్టు పోరాడుతుంది, ఆ పోరాటంలో తన పేగునే గాయపరచుకుంటుంది.

షోలాపురంలో మగ్గాల మధ్య పుట్టినవాళ్లం గనుక మాకు ఇది తువాలు పోలికతో సులభంగా బోధపడింది. తువాలు మీద నూలు ఉచ్చులు లేచి ఉంటేనే నీరు పీల్చుతుంది. ఉచ్చులు అరిగి గుడ్డ నున్నబడితే, ఎంత తుడిచినా నీరు జారిపోతుంది. మన చిన్నపేగు లోపల కూడా అటువంటి నూగు ఉంటుంది. ఈ వ్యాధిలో అది అరిగిపోతుంది. తిన్నది ఒంటికి పట్టదు. గోధుమ పూర్తిగా మానితే ఆ నూగు మళ్లీ లేస్తుంది. దీనికి మందు లేదు. జన్మంతా మానుకోవడమే మందు.

ఈ సంగతి వైద్యులకైనా తేలికగా దొరకలేదు. 1888లో లండనులో శామ్యూల్ జీ అనే వైద్యుడు ఈ వ్యాధిని వర్ణించి, నయమైతే ఆహారంవల్లనే నయం కావాలన్నాడు. ఏ ఆహారమో ఆయనకు తేలలేదు. 1924లో అమెరికాలో సిడ్నీ హాస్ అనే వైద్యుడు అరటిపళ్ల పథ్యం పెట్టాడు. పిల్లలు కోలుకున్నారు. మెప్పు అరటిపండుకు పోయింది. ఆ పథ్యంలో రొట్టె లేకపోవడమే అసలు సంగతని ఎవరికీ తట్టలేదు. చివరకు హాలండులో డిక్కె అనే పిల్లల వైద్యుడు గోధుమను పట్టుకున్నాడు. 1944-45 చలికాలంలో యుద్ధం మూలాన అక్కడ ఘోరమైన కరువు వచ్చి రొట్టె దొరకలేదు. జనం చిక్కిపోతుంటే ఈ పిల్లలకు మాత్రం కడుపు కుదుటపడింది. రొట్టె తిరిగి రాగానే జబ్బూ తిరిగి వచ్చింది. 1950లో ఆయన దీనిమీద తన సిద్ధాంతవ్యాసం సమర్పించాడు.

ఇంత తెలిశాక మాకు ధైర్యం వచ్చింది. బియ్యం, జొన్న, సజ్జ, రాగి, మొక్కజొన్న, ఇవేవీ ఈ వ్యాధికి చెరుపు చేయవు. మాల్దండి జొన్నలు పండే ప్రాంతంలో ఉంటూ గోధుమ లేదని ఏడవడమెందుకు? చపాతీ, బ్రెడ్డు, బిస్కట్టు, సేమ్యా, మైదా, రవ్వ, సత్యనారాయణ పూజ శిరా ప్రసాదం, అన్నీ మాన్పించాము. పొద్దునా సాయంత్రం జొన్నరొట్టె, మధ్యాహ్నం అన్నం. మూడు నెలలు పిల్ల తేరుకున్నట్టే కనిపించింది. తరువాత బండి నిలిచిపోయింది. విరేచనాలు తగ్గాయే గాని పోలేదు. ఆరు నెలలకు రక్తపరీక్ష చేస్తే ఉండవలసినదానికి ఎన్నో రెట్లు ఎక్కువే. "ఎక్కడో గోధుమ పోతున్నది, వెతకండి" అన్నారు డాక్టరమ్మ.

ఇక్కడే మా బుద్ధి వంకర తిరిగింది. పదార్థాన్ని వెతకవలసింది పోయి, మనిషిని వెతికాము. మొదటి అనుమానం మా అమ్మమీద. మనవరాలు బిస్కట్టుకోసం ఏడిస్తే చూడలేక చాటుగా పెడుతున్నదని నిశ్చయించుకొని అడిగేశాము. ఆమె కోప్పడలేదు. "బిడ్డ ఏడుస్తుంటే రాతిగుండె చేసుకొని ఊకున్న. నేనెందుకు పెడుత కొడుకా?" అని లేచి లోపలికి పోయింది. ఆ పూట అన్నం తినలేదు.

తరువాతి వంతు పిల్లది. బడిలో తోటిపిల్లల డబ్బాలో చేయి పెడుతున్నదేమోనని గుచ్చిగుచ్చి అడిగాము. "నేను తినలే నాయినా" అంది. అబద్ధమాడుతున్నదని చెంపమీద కొట్టాము. అది ఏడ్వలేదు. మరునాటి నుంచి బడినుంచి రాగానే తన డబ్బా తెరిచి, మేము అడగకముందే చూపించడం మొదలుపెట్టింది.

మొదటి దొంగను మా ఇంటావిడ పట్టింది. అది ఇంగువ. అసలైన ఇంగువ ఇరాన్, ఆఫ్ఘన్ దేశాల మొక్కవేళ్లనుంచి కారే జిగురు. మహా ఘాటు. అందుకని దానిలో పిండి, తుమ్మజాతి బంక కలిపి అమ్ముతారు. ఇక్కడ బంధానీ ఇంగువ అంటారు. ఆ పిండి చాలా డబ్బాలలో గోధుమపిండి లేక మైదా. డబ్బామీద చీమతలకాయంత అక్షరాలలో వ్రాసే ఉన్నది. రోజూ చారులో, పప్పులో వేస్తున్నాము, ఎన్నడూ చదవలేదు. వెంటనే మార్చి, బియ్యప్పిండి కలిపినది తెచ్చుకున్నాము. దొంగ దొరికాడని సంతోషించాము గాని చిటికెడు ఇంగువ ఇంతపని చేస్తుందా అన్న సందేహం ఉండనే ఉన్నది. మరి మూడు నెలలు గడిచినా పిల్ల స్థితి పెద్దగా మారలేదు.

అసలు దొంగ ఒక ఆదివారంనాడు గిర్నీలో దొరికాడు. జొన్నలు పట్టించడానికి వరుసలో నిలబడ్డాము. మా ముందు ఒకావిడ గిర్నీవానితో మరాఠీలో తగువాడుతున్నది. పోయిన వారం గోధుమపిండిలో ఎవరిదో జొన్నపిండి కలిసిందట, చపాతీలు విరిగిపోతున్నాయట. గిర్నీవాడు నవ్వి, "పిడికెడు కలుస్తుంది బాయీ, ముందువాళ్లది వెనుకవాళ్లకు పోక తప్పుతుందా?" అన్నాడు. ఆవిడ గోధుమలు పోసింది. ఆవిడ తరువాత మా జొన్నల వంతు.

మేము సంచి ఎత్తిన చేయి ఎత్తినట్టే నిలిచిపోయాము. ఆవిడకు మా జొన్న పోతే, మాకు ఎవరి గోధుమ వస్తున్నది? ఏడాదికాలంగా పథ్యమని పిల్లకు రెండుపూటలా పెట్టిన రొట్టె అదే! వేసిన వరుసనుండి తప్పుకొని ఇంటికి వచ్చి కాగితంమీద లెక్క వేశాము. గోధుమపిండిలో ఇంచుమించు పదోవంతు గ్లూటెన్. 5 కిలోల జొన్నపిండిలో 50 గ్రాముల గోధుమపిండి కలిస్తే, కిలోకు 1000 మిల్లీగ్రాముల గ్లూటెన్ అయింది. గ్లూటెన్ లేని ఆహారమని చెప్పుకోవడానికి మన దేశంలో నిర్ణయించిన హద్దు కిలోకు 20 మిల్లీగ్రాములు. పిడికెడు పిండితో ఆ హద్దుకు 50 రెట్లు!

లెక్క చూసి కొంతసేపు ఎవరమూ మాట్లాడలేదు. మా అమ్మే లేచి, "అటకమీద తిరుగలి ఉన్నది, దింపుండ్రి" అన్నది. దించి, రాయికి కొత్తగా గాట్లు కొట్టించి, కడిగి ఎండబెట్టాము. మొదట బియ్యం విసిరి ఆ పిండి పారబోశాము. సంతలో జొన్నలతో గోధుమగింజలు కలిసి వస్తాయి గనుక చేటలో పోసి ఏరడం అమ్మ పని, పిల్ల పని. విసరడం అమ్మా, మా ఇంటావిడా వంతులు వేసుకున్నారు. నాలుగు నెలల తరువాత వాయిదాలమీద చిన్న ఘర్‌ఘంటీ కొన్నాము. దానిలో గోధుమగింజ పడనివ్వము. పిల్లకు పెనం, పీట, డబ్బాలు వేరు చేశాము. చపాతీ కాల్చిన పెనంమీద దాని రొట్టె వేయము.

ఆరు నెలలకు పరీక్ష సగానికి దిగింది. ఏడాదికి మామూలుకు వచ్చింది. పిల్ల 4 కిలోలు బరువెక్కింది. పొయిన సంక్రాంతికి పాత పరికిణీలన్నీ పొట్టివయ్యాయి. దుస్తులు పొట్టివైతే సంతోషించిన తల్లిదండ్రులు మేమే కాబోలు.

మా మాదిరిగా తిరగకుండా ఉండటానికి చదువరులకు నాలుగు మాటలు. పిల్లలకు నెలల తరబడి విరేచనాలు, రక్తహీనత, ఎదుగుదల లేకపోవడం ఉంటే ఈ వ్యాధినిగూర్చి డాక్టరును అడగండి. గోధుమ తినే ఉత్తరాదిన ఇది నూటికొకరి వరకు ఉన్నది. దక్షిణాదిన చాలా తక్కువ గనుక మనవాళ్లకు పేరైనా తెలియదు. పరీక్ష కాకముందు సొంతంగా గోధుమ మాన్పించకండి. మానితే పరీక్షలో జబ్బు బయటపడకపోవచ్చు. ఒకరికి ఉన్నదని తేలితే తోబుట్టువులకు, తల్లిదండ్రులకు కూడా పరీక్ష చేయించడం మంచిది. మాల్టు పానీయాలలో ఉండేది సాధారణంగా బార్లీ, అదీ పనికిరాదు. పథ్యం ఫలించకపోతే మనుషులను తరువాత అనుమానించవచ్చు. ముందు డబ్బాలు, గిర్నీ, పెనం చూడండి.

పరీక్ష ఫలితం వచ్చిననాడు పిల్లను కూర్చోబెట్టుకొని, "ఆనాడు నిన్ను కొట్టడం మా తప్పు, నువ్వు నిజమే చెప్పావు" అన్నాము. అది తిరుగలి పక్కన జొన్నలు ఏరుతూ, "నేను చెప్తే నువ్వు ఇనలే నాయినా" అని, మళ్లీ ఏరుకోసాగింది. మా అమ్మకు కూడా అదే మాట చెప్పుకున్నాము. ఆమె ఏమీ అనలేదు. "చేట ఇటియ్యి" అన్నది. ఇచ్చాము.

ఇప్పటికీ బడినుంచి రాగానే పిల్ల డబ్బా తెరిచి చూపిస్తుంది. వద్దమ్మా అన్నా మానదు. ఆ అలవాటు ఎప్పుడు పోతుందో, అప్పుడు మా ఇంట్లో జబ్బు పూర్తిగా నయమైందని అనుకుంటాము.