చెఱువు పనికి ఎవరెంత పాటుపడవలెను?

చెఱువుల క్రింద సాగుచేయు గ్రామములలో ఎండకాలము ముగియుచుండగా ఏటేట నొక్కటే మాట వినబడుచుండును: పంటకాలువ పూడినది, కట్టపై సర్కారు తుమ్మ పెరిగినది, తూము సరిగా మూతపడుట లేదు, ఎవ్వరును పట్టించుకొనరు అని. ఈ పనులలో చాలభాగము గొప్ప పనులు కావు. ఊరి రైతులు పదిమంది కలిసి పూనుకొనినచో కొలది దినములలో తీరిపోవును. అయినను పూనుకొనువారు కానరారు. “ఊరికి చేసిన యుపకారము, పీనుగునకు చేసిన శృంగారము” అను సామెత చెప్పి పెద్దలే తప్పుకొనుచుందురు. గ్రామములలో స్వచ్ఛంద సేవ నిలువకుండుటకు కారణము జనులలో ఉత్సాహము లేమి కాదనియు, పని పంచుకొనుటలో న్యాయము లేమియే యనియు మా అభిప్రాయము.

ఈ సేవ మనకు క్రొత్తది కాదు. పూర్వము మద్రాసు రాజధానిలో దీనికి కుడిమరామత్తు అని పేరు. అరవములో కుడి యనగా ఊరి కాపు. మరామత్తు అనగా బాగుచేయుట. కట్టకు మన్ను వేయుట, కంప కొట్టుట, కాలువలో పూడిక తీయుట వంటి చిన్న పనులు రైతులవి. అలుగు, తూముల రాతికట్టడము వంటి పెద్ద పనులు సర్కారువి. ఈ వాడుక సన్నగిల్లుచుండగా, 1858వ సంవత్సరములో దానికి చట్టబలము కల్పింపబడినది. చెఱువునకు గండి పడు ప్రమాదము కలిగినప్పుడు కూలివర్గపు జనులను పనికి రప్పించు నధికారము సయితము ఆ చట్టమున గలదు. వారికి కూలి యిచ్చు నియమము కలదు గాని, పిలుపు ఎవరికి వచ్చినదో గమనింపుడు. కట్ట తెగినచో మునుగునది ఆయకట్టు రైతుల పంట. కట్ట నిలుపుటకు బలవంతముగా పిలువబడినది ఆ ఆయకట్టులో సెంటు భూమియైనను లేని కూలివాడు.

నైజాము ఇలాకాలోని తెలంగాణమున నీ యన్యాయము మఱింత ఘోరరూపము దాల్చినది. దేశ్‌ముఖుల పొలములలోను, గడీలలోను కూలి లేకయే పనిచేయించుకొను వెట్టి తరతరముల వారి నడుము విఱిచినది. 1946 మొదలు 1951 వఱకు జరిగిన సాయుధ పోరాటమునకు ఆ వెట్టి యొక ముఖ్యకారణము. 1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగము 23వ అధికరణమున వెట్టిని నిషేధించినది. 1976 నాటి చట్టము వెట్టిచాకిరీ పద్ధతిని రద్దు చేసినది. కావున నేడు గ్రామమున “శ్రమదానము” అని చాటింపు వేయించినప్పుడు, పేదవాడు తన తాతకు జరిగినది తలచుకొని వెనుకాడినచో వానిని సోమరియని నిందింపరాదు. ఒకపూట కూలి పోయినచో ఆ పూట పొయ్యి వెలుగని యింటిని దానమడుగుట ధర్మము కాదు.

మఱి దానము చేయవలసినవా రెవరు? నీటివలన లాభము పొందువారే. ఎవరికెంత లాభమో వారిదంత పని. లెక్క సులభము. ఒక చెఱువు క్రింద నూఱు ఎకరముల ఆయకట్టును, వేయి గజముల పంటకాలువయు గలవనుకొందము. ఎకరమునకు పది గజముల చొప్పున పని యేర్పడును. అర యెకరము గలవాడు అయిదు గజములు తీయును. ఇరువది యెకరములు గలవాడు రెండువందల గజములు తీయవలెను. తాను పార పట్టలేనిచో, ఊరి రేటున కూలి యిచ్చి తన వంతు చేయింపవలెను. కౌలునకిచ్చిన భూమి వంతు భూస్వామిదా, కౌలుదారుదా యనునది ముందుగానే మాటలాడుకొనవలెను. ఇంట పనిచేయగల మనిషి లేని వితంతువుల వంతును సంఘము పంచుకొనవచ్చును. భూమి లేనివారు వచ్చినచో వారికి కూలి యిచ్చియే పంపవలెను. అంతట ఈ పని వెట్టి కాదు, దయయు కాదు. ఉమ్మడి ఆస్తికి ఉమ్మడి కాపలా యగును.

లాభము కంటికి కనబడినచోట రైతు చేయి వెనుకకు పోదనుటకు నిదర్శనము కలదు. తెలంగాణమున 2015లో మిషన్ కాకతీయ పేర చెఱువుల పూడికతీత ఆరంభమైనప్పుడు, త్రవ్వకము సర్కారుదే గాని, ఆ యొండ్రుమట్టిని తమ ఖర్చుతో ట్రాక్టర్లపై పొలములకు తోలుకొనినవారు రైతులే. చెఱువు మన్ను చేనికి సత్తువ యని వారెఱుగుదురు.

“పన్నులు కట్టుచున్నాము, ఇది సర్కారు పని గదా” యని కొందఱందురు. పెద్ద పనులు సర్కారువే. వానిని అడిగి చేయించుకొనుట మన హక్కు. స్వచ్ఛంద సేవ యున్నదను నెపమున సర్కారు తన బాధ్యతను తప్పించుకొనుటకు మనము సమ్మతింపరాదు. కాని కట్టకు పడిన ఎండ్రకాయ బొక్క అంచనాలు, బిల్లులు మంజూరగు వఱకు ఆగదు. కడప సీమలోని పోరుమామిళ్ల చెఱువు శాసనము 1369 నాటిది. చెఱువునకు గల ఆఱు దోషములను చెప్పుచు, కట్టనుండి నీరు ఊరి కారుటను అది యొక దోషముగా నెంచినది. వేయిమంది కూలీలు, నూఱు బండ్లు రెండేండ్లు పనిచేయగా నిలిచిన చెఱువది, నేటికిని కలదు. అంత పాటుపడి కట్టినదానిని ఒక్క బొక్క పాడుచేయగలదని ఆ కాలపువారికి తెలియును.

ఇక పని చేయు తీరు. కట్టపై చెట్లు లేతగా నున్నప్పుడే పెఱికివేయవలెను. పెరిగిన చెట్టును నఱకి మొద్దు విడిచినచో, వేళ్లు కుళ్లి వాని దారినే నీరు పాఱును. బొక్కలను పైపైన మూయక, త్రవ్వి, బంకమన్ను పొరలు పొరలుగా వేసి దిమ్మిస చేయవలెను. పూడికమట్టిని కాలువ గట్టు అంచుననే పోసినచో మొదటి వానకే తిరిగి లోనికి జాఱును. నాలుగు బిందెల నీరెక్కువ నిలుచునను నాశతో అలుగుపై ఇసుక బస్తాలు పేర్చుట మాత్రము ఎన్నడును చేయరాదు. వరద పోవు దారి మూసినచో కట్టయే తెగును. తూము తలుపులు, అలుగు కట్టడము ఇంజనీరు చూడవలసిన పనులు.

ఇందులో సహకార సంఘము చేయదగినది చాల గలదు. 1997 నాటి చట్టము ననుసరించి నీటి వినియోగదారుల సంఘములు ఏర్పడినచోట వారితో కలిసి ఆయకట్టు పట్టిక వ్రాయవచ్చును. పారలు, గడ్డపారలు, తట్టలు సంఘము పేర కొని యుంచవచ్చును. ఎవరి వంతు తీఱినది, ఎవరిది మిగిలినది యను హాజరుపట్టీని సంఘము గోడపై అందఱకును కనబడునట్లు అంటింపవచ్చును. అందు మొదటి వరుసలో అధ్యక్షుని పేరును, పాలకవర్గపు వారి పేర్లును ఉండవలెను. పెద్ద కమతము గలవాడు మొదటి దినమున తన వంతు పూర్తిచేసినచో, చిన్న రైతులకు వేఱు చాటింపు అక్కఱలేదు.

సోదర రైతులారా! నాట్లకు ఒకరికొకరు బదులు పోవుట మీకు ఎవ్వరును నేర్పలేదు. చేసినది తిరిగి వచ్చునను నమ్మకమే దానిని నిలిపినది. చెఱువు పనికిని ఆ నమ్మకమే కావలెను. మృగశిర కార్తె ప్రవేశింపకమునుపే మీ సంఘమున సమావేశము జరిపి, ఎకరమునకెంత యని లెక్క వ్రాసికొని, పార చేపట్టుడు.