విప్పవలెనా, వద్దా?

జనగామలో మా మామగారి ఇంటి వెనుక రేకుల షెడ్డులో ఒక అంబాసిడర్ ఉన్నది. 1973 నాటి మార్క్ టూ. మీటరు మీద ముప్పై ఎనిమిది వేల చిల్లర కిలోమీటర్లు. ఆయన పోయిన తరువాత పదకొండేళ్లుగా ఎవరూ దానిని కదిలించలేదు. ఇప్పుడు ఆ శకటం విషయమై కుటుంబం రెండు పక్షాలుగా చీలింది. భూపాలపల్లి బొగ్గుగనిలో ఉద్యోగం చేసే బావమరిది, "మొత్తం ఇప్పి ఫుల్ ఇంజన్ చేయిద్దాం బావా, మల్ల మల్ల షెడ్డు సుట్టు తిరుగుడెందుకు?" అంటాడు. మహబూబాబాదులోని వదినగారేమో, "మా బాపు చేతులల్ల నడిచిన ఇంజన్ అది, దాని జోలికి పోకుండ్రి" అని కన్నీళ్లు పెట్టుకుంటుంది. నా అభిప్రాయం ఏమిటంటే, ఇద్దరూ ఇంజనును చూడకుండానే తీర్పు చెప్పేశారు.

తక్కువ తిరిగిన బండి అంటే కొత్త బండి అని మనలో ఒక భ్రమ ఉన్నది. ముందుగా ఆ మీటరునే నమ్మరాదు. అయిదంకెల మీటరు లక్ష దాటితే మళ్లీ సున్నాకు వస్తుంది. కేబులు తెగితే ఆగిన చోటనే ఆగి ఉంటుంది. నేనైతే మొదట క్లచ్చు, బ్రేకు పెడళ్ల రబ్బర్లు చూశాను. గీతలు చెరగలేదు. కాబట్టి ఆ అంకె నిజమేనని ఒప్పుకున్నాను. అయినా, తిరగని ఇంజనుకు తిరగకపోవడమే ఒక రోగం. వాల్వు తెరుచుకొని ఆగిన సిలిండరులోకి తేమ చేరి గోడకు తుప్పు పడుతుంది. రింగులు గాడుల్లో జిగురు పట్టి బిగుసుకుంటాయి. వాల్వు కాడల మీది రబ్బరు సీళ్లు గట్టిపడి నూనెను ఆపలేవు. అప్పుడు నీలిపొగ వస్తుంది. ఆ పొగను చూడగానే, "ఇంజన్ పోయింది సారూ" అని మిస్త్రీ తేల్చేస్తాడు. అరిగిన ఇంజనూ, ఎండిన ఇంజనూ ఒకే పొగ వదులుతాయి; ఆ రెండింటికీ వైద్యం మాత్రం ఒకటి కాదు.

అందుకే విప్పడానికి ముందు కొలవవలెను. ప్లగ్గులు తీసి, ఒక్కొక్క సిలిండరులో కొంచెం నూనె పోసి నాలుగు రోజులు వదిలేశాము. తరువాత ముందునుంచి హాండిలు పెట్టి చేత్తో తిప్పాము. (హాండిలు పెట్టి తిప్పగల కారు! ఈ కాలపు పిల్లలకు చెబితే నవ్వుతారు.) మొదట మొరాయించినా తిరిగింది. ట్యాంకులోని పాత పెట్రోలు పారబోసి, నూనె మార్చి, బ్యాటరీ పెట్టి కంప్రెషన్ చూశాము. మూడు సిలిండర్లు దాదాపు సమానం. మూడవది బాగా తక్కువ. అందులో చెంచాడు నూనె పోసి మళ్లీ చూసినా అంకె లేవలేదు. లేచి ఉంటే లోపం రింగులది, గోడది అయ్యేది. పక్కపక్క రెండు సిలిండర్లూ తక్కువ చూపితే హెడ్డు ప్యాకింగును అనుమానించేవాళ్లం. ఇక్కడ అదీ లేదు. ట్యాపెట్లు సరిచేసినా మారలేదు గనుక వాల్వు సరిగ్గా కూర్చోవడం లేదన్నమాట. దానికి హెడ్డు దించితే చాలు, కిందికి పోనక్కరలేదు.

బావమరిది వాదనను నేను తేలికగా తీసిపారేయడం లేదు. నూనె ఒత్తిడి పడిపోయినా, కింద బేరింగు చప్పుడు వినిపించినా, సిలిండరు గోడ తుప్పుతో గుంటలు పడినా అతడే గెలుస్తాడు. అయితే పోత ఇనుము బ్లాకును బోరు చేయించడమంటే లోహాన్ని చెక్కివేయడం. పోయిన లోహం తిరిగి రాదు, ఎన్నోసార్లు చేయడానికీ వీలుండదు. 1489 సీసీల ఈ ఇంజను బ్రిటిషు బీఎంసీ బీ-సిరీస్ సంతతి. ఉత్తర్‌పారా కర్మాగారంలో 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. ఇక దొరికే పిస్టన్లు అంగళ్లలో మిగిలినవీ, ఇతరులు పోసినవీ మాత్రమే. బాగున్న అసలు భాగాన్ని తీసి నాణ్యత తెలియనిదానిని వేయడాన్ని మరమ్మతు అనడానికి నాకు నోరు రాదు.

ఇంకొక చిక్కు చట్టంలో ఉన్నది. 2021లో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం యాభై ఏళ్లు దాటిన వాహనాన్ని వింటేజిగా నమోదు చేయించవచ్చు. కానీ అది అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజను మార్పుల వంటి పెద్ద ఓవర్‌హాలు జరిగి ఉండరాదు. మా బండికి 2023లోనే యాభై నిండాయి. ఆ నమోదు చేయిస్తే ప్రదర్శనలకు, ర్యాలీలకు తప్ప రోజువారీ తిరుగుడుకు వీలుండదు. బావమరిదికి కావలసింది మేడారం జాతరకు ఎక్కిపోయే కారు. వదినగారికి కావలసింది తండ్రి గుర్తు. ఈ సంగతి ఇద్దరూ కూర్చొని తేల్చుకోకుండా మిస్త్రీకి డబ్బు కట్టడం తొందరపాటు.

హెడ్డు దింపినప్పుడు ఒక పని మాత్రం చేయించమన్నాను. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే వచ్చింది. ఈ ఇంజను పుట్టినది సీసపు పెట్రోలు కాలంలో. వాల్వులు కూర్చునే చోట గట్టి రింగులు పొదిగిస్తే అరుగుదల భయం తగ్గుతుంది. నేటి పెట్రోలులో ఇరవై శాతం ఇథనాలు ఉంటున్నది గనుక ఇంధనపు రబ్బరు గొట్టాలూ, పంపులోని డయాఫ్రమూ మార్చక తప్పదు.

హనుమకొండలో ఒక లేతు షాపు ముసలి మిస్త్రీతో మాట్లాడాను. వచ్చే ఆదివారం హెడ్డు దించుతున్నాము. సిలిండరు గోడలు చూడటానికి టార్చిలైటు తెస్తానని బావమరిది అన్నాడు. వదినగారు కూడా వస్తానన్నది.